పీపా గారి పదవీకాలం

గండ్రేటిలంక గ్రామ పంచాయతీకి జరిగిన ఉప ఎన్నికలో సర్పంచిగా ఏకగ్రీవంగా ఎన్నికైనది ఒక ఓక్ చెక్క పీపా. పీపా నిండా బీరు ఉంది. ధ్రువపత్రం రాసేటప్పుడు ఎన్నికల అధికారి పేరుకు ముందు "శ్రీ" అని రాయాలా "శ్రీమతి" అని రాయాలా అని కాసేపు ఆలోచించి, రెండూ వదిలేసి, "పీపా గారు" అని రాశాడు. అది తప్ప ఆ రోజు మరే ఇబ్బందీ ఎదురు కాలేదు.

గండ్రేటిలంకలో ఎగువ వీధి, దిగువ వీధి అని రెండు వీధులున్నాయి. ఎగువ వీధికి ధాన్యం వ్యాపారి నల్లమిల్లి సూరారెడ్డి పెద్ద. దిగువ వీధికి కొబ్బరి వ్యాపారి అడబాల చక్రరావు పెద్ద. ఎన్నికలు వచ్చినప్పుడల్లా రెండు వీధుల్లోనూ తలకాయలు పగిలేవి. కిందటిసారి గెలిచిన సర్పంచి తన విజయోత్సవంలోనే ఒకరి తల పగలగొట్టి జైలుకు వెళ్ళాడు. అందువల్ల ఉప ఎన్నిక వచ్చింది. ఈసారి పోటీ లేకుండా ఎన్నుకుంటే వంతెన ఇస్తామని పైనుంచి కబురొచ్చింది. చుట్టూ గోదావరి ఉన్న లంకకు వంతెన అంటే మాటలు కాదు. కానీ ఎవరి పేరు అనుకున్నా అతను ఎగువ వీధికి అల్లుడో, దిగువ వీధికి బావమరిదో అవుతున్నాడు.

చివరి రాజీ సమావేశం జరిగే రోజున వాన కురిసింది. రెండు వీధులకూ చెందని కప్పు ఊళ్ళో ఒక్కటే ఉంది. అది రెండు వీధుల మధ్యనున్న వాసంశెట్టి త్రిమూర్తులు బెల్లం బట్టీ. పెద్దలు అందులో కూర్చున్నారు.

"మాటకారులందర్నీ చూసేసేం. ఈసారి మాటాడనోడు కావాలి," అన్నాడు సూరారెడ్డి.

"చుట్టాలుండకూడదు," అన్నాడు చక్రరావు.

"ఎవడింట్లోనూ భోంచెయ్యకూడదు."

"ఎవడి కారూ ఎక్కకూడదు."

అలాంటివాడు ఇంకా పుట్టలేదని అందరూ ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దంలో మూలనున్న పీపా మీది గాజుగొట్టంలోంచి ఒక బుడగ వచ్చి బుడుగ్గుమంది.

"అదేంటోయ్?" అన్నాడు చక్రరావు.

"బీరండి. లోపలింకా కొంచెం పులుస్తందండి. ఆ గాలి బయటికొత్తందండి," అన్నాడు త్రిమూర్తులు.

"ఎవరి మనిషి?"

"ఎవరి మనిషీ కాదండి బాబూ. పీపా కాకినాడ రేవు దగ్గర పాతసామాన్ల కొట్లో కొన్నానండి."

పెద్దలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇలా చూసుకోవడం వాళ్ళ జీవితంలో అదే మొదటిసారి.

నామినేషన్ పరిశీలన పంచాయతీ కార్యదర్శి నక్కా దానియేలు దగ్గరుండి జరిపించాడు. దానియేలు రూల్సు తెలిసిన మనిషి. పీపాకు అవసరమైన వయసు ఉందా అన్న ప్రశ్నకు, పీపా మూత మీద కాల్చి ముద్రించిన సంవత్సరాన్ని చూపించాడు. స్థానికురాలేనా అన్నదానికి, చెక్క విదేశానిదే అయినా లోపలున్నది గోదావరి నీళ్ళతో కాచిందేనని నివేదించాడు. నేరచరిత్ర లేదు. ఆస్తులు లేవు. ఇంత శుభ్రమైన నామినేషన్ తన సర్వీసులో చూడలేదని ఎన్నికల అధికారి మెచ్చుకున్నాడు.

ఇందులో త్రిమూర్తులు అభిప్రాయాన్ని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి అతనికి చాలా ఉంది. అతను చాలా ఏళ్ళు ఒక బీరు ఫ్యాక్టరీలో మరిగించే పనిలో ఉన్నాడు. అక్కడ తయారయ్యేదాన్ని అతను ఎన్నడూ బీరు అనలేదు, పసుప్పచ్చ నీళ్ళు అనేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరికి తిరిగొచ్చి బెల్లం వండుకుంటూ, జీవితంలో ఒక్కసారి, ఒక్క పీపా, అసలైన బీరు చేయాలని నిర్ణయించుకున్నాడు. అది చిక్కగా, ఘాటుగా, చేదుగా ఉండాలి. గ్లాసు కింద పెట్టేశాక కూడా నాలుక దాన్ని తలుచుకోవాలి.

అందుకోసం బార్లీని గోనెపట్టాల మీద మొలకెత్తించాడు. ఎండబెట్టి, కొంత దోరగా వేయించి, మర పట్టించాడు. బెల్లం పెనంలో వేడినీళ్ళు పోసి నానబెట్టి, ఆ తియ్యటి నీళ్ళు వడగట్టి మరిగించాడు. బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ అనే పూమొగ్గల్ని ఉత్తరాది కొండల నుంచి పార్సిల్లో తెప్పించాడు. ఫ్యాక్టరీలో గుప్పెడు వేసేచోట అతను బుట్టెడు వేశాడు. మరిగేటప్పుడు వేశాడు, దించేముందు వేశాడు, పులిసేటప్పుడు మనసాగక మళ్ళీ వేశాడు. ఆ వాసనకు దిగువ వీధివాళ్ళు తమ మీద ఏదో మందు పెట్టిస్తున్నారని ఎగువ వీధివాళ్ళు రెండు రోజులు మంచినీళ్ళు కూడా తాగలేదు.

ఒకప్పుడు విస్కీ ఉన్న ఆ ఓక్ పీపాను కాలవలో నానబెట్టి, చెక్కలు ఉబ్బి సందులు మూసుకున్నాక బీరును అందులో పోశాడు. ఇక చేయాల్సిన పనల్లా ఆగడమే. తొందరపడి తీస్తే చేదు గొంతు పట్టుకుంటుంది. ఆలస్యం చేస్తే తలుపు నాకినట్టుంటుంది. ఆ రెండింటికీ మధ్య ఒక మంచికాలం వస్తుంది. అప్పుడు పీపా తెరిచి, ఒక గ్లాసు పట్టుకుని, అది తాను అనుకున్న బీరో కాదో తెలుసుకోవాలి. త్రిమూర్తులుకు అంతకు మించిన కోరిక లేదు.

అయినా అతను నామినేషన్‌కు అడ్డు చెప్పలేదు. ఇంట్లో బీరు కాయడం నేరం. సర్పంచిగా ఉన్న పీపా జోలికి ఎక్సైజు వాళ్ళు రారని సూరారెడ్డి అన్నాడు. అది నిజమేననిపించింది.

ప్రమాణస్వీకారం చేసిన మర్నాడే దానియేలు బట్టీకి వచ్చి, పంచాయతీ ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉందని త్రిమూర్తులుకు చెప్పాడు.

"నాకేం సంబంధవండీ?"

"ఆడ సర్పంచులున్న ఊళ్ళల్లో కుర్చీలో ఎవరు కూచుంటన్నారండీ? భర్తలే గదా. మన సర్పంచి గారు కుర్చీలో పట్టరు. కాబట్టి మీరు కూచోవాలండి."

"నేను భర్తనేంటండీ బాబూ!"

"రాత్రిళ్ళు పక్కనే మంచం వేసుకుని పడుకుంటన్నారు. వేడి చేసిందేమోనని తడిగుడ్డ కప్పుతున్నారు. మా ఆవిడకి నేనిన్నేళ్ళలో ఒక్కసారి కూడా కప్పలేదండి."

ఆ విధంగా త్రిమూర్తులు రికార్డుల్లో సర్పంచి గారి భర్త అయ్యాడు. అతని భార్య మంగతాయారు ఈ వార్తను పప్పు రుబ్బుతూ విన్నది. రుబ్బురోలు ఆపలేదు.

"నా సవితికి ఏం పెట్టమంటారండీ మధ్యాన్నం? ఇక్కడ తింటదా, ఆఫీసుకి పంపమంటారా?"

"ఊరుకోవే తాయారూ. పీపాయే గదా."

"పీపాయేనండి. మీ అమ్మగారు నన్ను చూసిన రోజున కూడా అదే మాటన్నారు."

మండల సమావేశానికి త్రిమూర్తులు మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడున్న వాళ్ళలో సగం మంది సర్పంచుల భర్తలే. వాళ్ళు అతన్ని తమ వరసలోకి పిలిచి కూర్చోబెట్టుకున్నారు. మీసాలాయన ఒకడు మెల్లిగా అడిగాడు.

"మీ ఆవిడ మాటాడుతుందేంటండీ?"

"బుడగలేస్తదండి అప్పుడప్పుడూ."

"సంతకం?"

"మూత మీద ముద్రుంటదండి. దానికి సిరా రాసి కాయితం నొక్కుకుంటాం."

"అదృష్టవంతులండీ," అన్నాడు మీసాలాయన. ఆ మాటలో ఎగతాళి లేదు.

పీపా గారి పాలన బాగుంది. అర్జీలు తెచ్చి పీపా ముందు చదివేవారు. బుడగ వస్తే మంజూరు. రాకపోతే పరిశీలనలో ఉన్నట్టు. ఎగువ వీధి దీపాలకు ఒక బుడగ వస్తే, మధ్యాహ్నం ఎండ కాస్త ముదిరాక దిగువ వీధి కల్వర్టుకు రెండు వచ్చాయి. పీపా ఎవరి పెళ్ళికీ వెళ్ళలేదు, కాబట్టి ఎవరి పెళ్ళికి వెళ్ళలేదన్న తగాదా రాలేదు. ఒక్క తల కూడా పగల్లేదు. వంతెనకు శంకుస్థాపన జరిగింది. శంకుస్థాపన రాయి చాలా గట్టిగా కట్టారు. పీపా గారి ఫొటోతో ఫ్లెక్సీలు వెలిశాయి. వాటి మీద పీపా చుట్టూ ఉన్న ఇనుప కట్లకు ఎవరో బంగారు రంగు వేయించారు.

ఎక్సైజు ఎస్సై బొడ్డేపల్లి కృపానందం ఒక ఉదయం జీపును పంటు మీద నది దాటించుకుని వచ్చాడు. వాసన మండలం దాకా వస్తోందని ఫిర్యాదు. అతను మర్యాదస్తుడు. బట్టీ బయట బూట్లు విప్పి, పీపా ముందు నిలబడి నోటీసు చదివాడు. పదవిలో ఉన్నవారి మీద కేసు పెట్టాలంటే పంచాయతీ అనుమతి కావాలి. పంచాయతీ అనుమతికి సర్పంచి ఆమోదం కావాలి. చదవడం పూర్తయ్యాక అతను చేతులు కట్టుకుని ఎదురుచూశాడు. బుడగ రాలేదు.

"పరిశీలనలో ఉందండి," అన్నాడు దానియేలు.

ఎస్సై తల ఊపి బూట్లు వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ త్రిమూర్తులును పక్కకు పిలిచాడు.

"ఒక్క మాట గుర్తెట్టుకోండి. పీపాలో ఉన్నంతసేపూ వారు సర్పంచి గారు. గ్లాసులోకొచ్చిందంటే అది బీరు. గ్లాసు ఎవరి చేతిలో ఉంటే ఆల్ని తీసుకుపోతాను. తర్వాత నన్ననుకోకండి."

ఎండాకాలం ముగిసింది. త్రిమూర్తులు ముక్కుకు మార్పు తెలిసింది. చేదు వెనక్కి తగ్గి, చెక్క వాసన ముందుకు వస్తోంది. మంచికాలం వచ్చిందా, ఇంకా రావాలా, దాటిపోతోందా? నాలుక మీద ఒక చుక్క వేసుకుంటే తప్ప చెప్పలేడు. కానీ పీపాకు ఇప్పుడు కాపలాగా ఒక హోంగార్డు ఉన్నాడు, త్రిమూర్తులు మంచం ఇంట్లోకి మారింది. సర్పంచి గారిలోంచి ఏదైనా బయటికి తీయడం వారిని తగ్గించడమే అవుతుందని, దానికి గ్రామసభ తీర్మానం కావాలని దానియేలు రూలు చూపించాడు.

రెండు రాత్రులు నిద్రపట్టక త్రిమూర్తులు ఒక ఉపాయం కనిపెట్టాడు. సర్పంచులకు ఏటా ఆరోగ్య పరీక్ష చేయించే పద్ధతి ఉంది. అతను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ హేమనళినికి అర్జీ పెట్టాడు. శాంపిలు తీస్తారు, తీసేటప్పుడు ఒక చుక్కైనా తనకు దక్కకపోదు.

డాక్టరమ్మ వచ్చి పెద్ద సిరంజితో శాంపిలు తీసింది. త్రిమూర్తులు చెయ్యి చాపాడు.

"బంధువులకి శాంపిల్ ఇవ్వమండీ," అని ఆమె సీసా మూత బిగించి పట్టుకుపోయింది. సాయంత్రం మళ్ళీ వచ్చి, మొదటి శాంపిలు చాల్లేదని ఇంకొంచెం పెద్ద సీసాలోకి తీసింది.

రిపోర్టు గ్రామసభలో చదివారు. సర్పంచి ఆరోగ్యం ఊరికి గర్వకారణం కాబట్టి దానియేలు మైకులోనే చదివాడు. రంగు ముదురు తేనెలా ఉందట. వాసనలో ఎండుకొబ్బరి, నారింజతొక్క, కాస్త వెనిలా ఉన్నాయట. చేదు బలంగానే ఉన్నా పెద్దమనిషి తరహాలో ఉందట. చివరి వాక్యాన్ని దానియేలు నిదానంగా చదివాడు. "ప్రస్తుతం వీరి ఆరోగ్యం శిఖరస్థాయిలో ఉంది. ఇంతకు మించి మెరుగుపడే అవకాశం లేదు. ఇకపై తగ్గుదలే."

సభలో చప్పట్లు కొట్టారు. త్రిమూర్తులు కొట్టలేదు. సూరారెడ్డి, చక్రరావు కూడా కొట్టలేదు. వాళ్ళిద్దరూ ఏదో ఆలోచిస్తున్నారు.

మర్నాడు త్రిమూర్తులు సూరారెడ్డి మిల్లుకు వెళ్ళాడు. చక్రరావు కూడా అక్కడే ఉన్నాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు.

"బీరు తీసేసి నీళ్ళు పోసేత్తానండి. పీపా అలాగే ఉంటది, పదవీ ఉంటది. ఎవరికీ తెలీదండి," అన్నాడు త్రిమూర్తులు.

సూరారెడ్డి టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏవోయ్, సర్పంచి గారి కడుపులో చెయ్యెడతానంటావా? మొగుడివై ఉండి?"

"అది నా బీరండి. ఒక్కసారి... ఒక్క గ్లాసండి."

"నీ బీరేంటయ్యా? ఓట్లేసింది మేవంతా," అన్నాడు చక్రరావు.

"ఓట్లెయ్యలేదు గదండీ. ఏకగ్రీవం గదా."

"అదే చెప్తన్నా. అందరూ వేసినట్టు."

ఇక మిగిలింది పైఅధికారులు. సర్పంచి అంటే పీపానా, అందులోని బీరా అని స్పష్టత కోరుతూ త్రిమూర్తులు జిల్లాకు అర్జీ పంపాడు. ఆశ్చర్యంగా వారంలోనే జవాబు వచ్చింది. సర్పంచి అనగా పీపా మాత్రమేనని అందులో ఉంది. "లోపల ఏముందన్నది పరిశీలించే సంప్రదాయం ఏ సర్పంచి విషయంలోనూ లేదు గనుక, లోపలి పదార్థాన్ని పదవిలో భాగంగా పరిగణించలేము." ఆ జవాబు నకళ్ళు ఊరి పెద్దలిద్దరికీ, ఎక్సైజు వారికీ పంపారు.

త్రిమూర్తులుకు అందులో రెండు విషయాలు అర్థమయ్యాయి. బీరు తనది. బీరు తనది కాబట్టి నేరం కూడా తనదే. సర్పంచితనం ఇక దాన్ని కాపాడదు. ఎస్సై రాకముందే తీసెయ్యాలి.

ఆ మధ్యాహ్నం రేషన్ బండి వచ్చింది. ఊరంతా అక్కడికి పోయింది. హోంగార్డు కూడా సంచీ పట్టుకుని వెళ్ళాడు. త్రిమూర్తులు ఒక రబ్బరు గొట్టం, నాలుగు క్యాన్లు తెచ్చాడు. మంగతాయారు బట్టీ గుమ్మంలో నిలబడి చుట్టూ చూస్తోంది.

"తొందరగా కానివ్వండి. జైలుకెళ్తే మీకక్కడ తడిగుడ్డ కప్పేవాళ్ళుండరు."

అతను పీపా బిరడా తీశాడు. గొట్టం లోపలికి దించి రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. ఇన్నాళ్ళుగా ఎదురుచూసిన బీరు గొట్టంలోంచి పైకి పాకుతోంది. అది నాలుకకు తగిలింది.

త్రిమూర్తులు కదలకుండా నిలబడిపోయాడు.

"ఏవైందండీ? పాడైపోయిందా?" అంది తాయారు.

అతను మింగలేదు, ఉమ్మలేదు. ఇంతలో బయట జీపు ఆగింది. ఎస్సై కృపానందం గుమ్మంలో బూట్లు విప్పుతున్నాడు. ఈసారి అనుమతి అవసరం లేదు కాబట్టి ఇద్దరు కానిస్టేబుళ్ళనూ, బేడీలనూ తెచ్చాడు.

"ఏటండీ ఆ గొట్టం?"

త్రిమూర్తులు నోట్లోది మింగేశాడు. "సర్పంచి గారికి స్నానం చేయిద్దామనండి."

ఎస్సై గాజుగ్లాసు తీసి గొట్టం కింద పట్టాడు. గ్లాసు నిండింది. వెలుగులోకి ఎత్తి చూశాడు, వాసన చూశాడు. చివరికి రూలు ప్రకారం కొంచెం రుచి చూశాడు. అతని ముఖంలో కనిపించింది కోపం కాదు, ఎవరో మాట తప్పితే కలిగే బాధ.

"కాలవ నీళ్ళు," అన్నాడు. "అందులోనూ కాచనివి." "డాక్టరమ్మ రిపోర్టు నేను మూడుసార్లు చదివేనండి," అని గ్లాసు కింద పెట్టాడు.

నీళ్ళు కలిగి ఉండటం నేరం కాదు. ఎస్సై ఆ మేరకు కాయితం రాసి, కేసు మూసేసి, బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. త్రిమూర్తులు స్వేచ్ఛాజీవి. అతను పీపా చుట్టూ తిరిగి చూశాడు. ఎగువ వీధి వైపు, ఇనుప కట్టు కింద, బొటనవేలంత రంధ్రం ఉంది. దాన్ని గోనె పీచుతో బిగించారు. దిగువ వీధి వైపు అదే ఎత్తున ఇంకో రంధ్రం. అది కొబ్బరి పీచుతో మూసి ఉంది. కాస్త కిందగా సన్నటి రంధ్రం ఒకటి, దూది పెట్టి పైన ప్లాస్టరు అంటించి ఉంది. వెనకవైపు ఉన్నదాన్ని మూసింది పంచాయతీ ఆఫీసు సీళ్ళకు వాడే ఎర్ర లక్క. పీపా ఆనించిన గోడ వైపు ఇంకేమైనా ఉన్నాయేమో అతను చూడలేదు.

"ఇన్ని కన్నాలతో నీళ్ళెలా నిలిచేయండీ?" అంది తాయారు.

"ఎవరి కన్నం ఆళ్ళు జాగర్తగా మూసుకున్నారే," అన్నాడు త్రిమూర్తులు.

అతను మళ్ళీ మిల్లుకు వెళ్ళాడు. పెద్దలిద్దరూ అదే బల్ల మీద ఉన్నారు. పక్కన దానియేలు కూడా ఉన్నాడు. త్రిమూర్తులు చెప్పాల్సింది చెప్పాడు. వాళ్ళు ఓపిగ్గా విన్నారు.

"సర్పంచి గారు ఎక్కడికీ పోలేదు గదా?" అన్నాడు సూరారెడ్డి.

"పోలేదండి. కానీ లోపల..."

"లోపలి సంగతి మనకెందుకోయ్? పైనుంచొచ్చిన కాయితం చదవలేదా?"

"కాలవ నీళ్ళండి బాబూ!"

"అయితే?" అన్నాడు చక్రరావు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "నీళ్ళెక్కిన కాణ్ణుంచి ఏదన్నా తేడా వచ్చిందేంటి?"

త్రిమూర్తులు ఆలోచించాడు. బుడగలు రావడం మానేసి చాలా రోజులైంది. అర్జీలన్నీ పరిశీలనలోనే ఉన్నాయి. తమ అర్జీ పరిశీలనలో ఉందని తెలిసి జనం సంతోషంగానే ఉన్నారు. తొందరపాటు నిర్ణయాలు లేని పంచాయతీగా జిల్లా నుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

"ఇంకో సంగతి," అన్నాడు దానియేలు మెత్తగా. "లోపల బీరుండేదని మీరు బయట చెప్తే, అది కాసిందెవరని అడుగుతారండి. ఎస్సై గారు ఇంకా రేవు దాటుండరు."

త్రిమూర్తులు ఇంటికి వచ్చేశాడు. తన బీరు పోయినందువల్లే తాను జైలుకు పోలేదు. ఈ విషయంలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అతనికి అంతు చిక్కలేదు. కోపం కన్నా ఎక్కువగా బాధించేది వేరే ఉంది. ఆ బీరు ఎలా కుదిరిందో డాక్టరమ్మకు తెలుసు, దానియేలుకు తెలుసు, రెండు వీధుల పెద్దలకూ తెలుసు. కాసినవాడికే తెలీదు. రాత్రి కంచం ముందు కూర్చుని ముద్ద చేతిలో పెట్టుకునే ఉండిపోయేవాడు. తాయారు సవితి మాట ఎత్తడం మానేసింది. ఒకసారి మాత్రం, "మళ్ళీ కాయండి," అంది. అతను తల అడ్డంగా ఊపాడు. పీపా ఒక్కటే ఉంది, అది పదవిలో ఉంది.

వానలు వెనకబట్టాక పీపా గారి మిగిలిన పదవీకాలం ముగిసి, అసలు ఎన్నికలు వచ్చాయి. పీపా గారే మళ్ళీ నిలబడ్డారు. ఎదురు నామినేషన్ ఒక్కటీ పడలేదు. ఓటింగు జరగదని తెలిసినా పంపకం మాత్రం జరిగింది. పంపకం లేకుండా గెలిచినవాడు ఎప్పటికైనా మోసం చేస్తాడని గండ్రేటిలంకలో గట్టి నమ్మకం ఉంది. ఓటుకో సీసా చొప్పున రెండు వీధుల వాళ్ళూ కలిసి ఇంటింటికీ ఇచ్చుకుంటూ వచ్చారు. త్రిమూర్తులు ఇంటికి సూరారెడ్డి బావమరిది సుబ్బిరెడ్డి వచ్చాడు. జాబితా చూసి, రెండు సీసాలు అరుగు మీద పెట్టాడు. పాత సోడా సీసాల్లో నింపి కొత్త మూతలు కొట్టారు.

"ఏంటండీ ఇది?" అన్నాడు త్రిమూర్తులు.

"సరుకు మంచిదండి. ఈసారి పెద్దాళ్ళిద్దరూ శ్రద్ధ తీసుకున్నారు."

త్రిమూర్తులు మూత తీశాడు. వాసన ముందు వచ్చింది. ఆ వాసనకు అతను అరుగు మీద కూర్చున్నాడు. స్టీలు గ్లాసులోకి వంచుకున్నాడు. ముదురు తేనె రంగు, పైన మీగడలాంటి నురగ. ఒక గుక్క తాగాడు. మొదట నారింజతొక్క, తర్వాత ఎండుకొబ్బరి, ఆ వెనక బెల్లం పాకం. అన్నీ అయిపోయాయనుకున్నాక చేదు నిదానంగా వచ్చి నాలుక మీద కూర్చుంది, వెళ్ళే తొందర లేనట్టు. సరిగ్గా మంచికాలంలో తీశారు. రోజు అటూ ఇటూ కాలేదు. తాను తీసినా ఇంత బాగా తీయగలిగేవాడు కాదేమో.

అతను గ్లాసు కింద పెట్టాడు. నాలుక ఇంకా దాన్నే తలుచుకుంటోంది.

"ఎలాగుందండీ?" అని తాయారు గుమ్మంలోంచి అడిగింది. అతను గ్లాసు ఆమెకు ఇచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, గ్లాసు తిరిగివ్వకుండా ఇంకో గుక్క తాగింది.

"ఓటు సర్పంచి గారికే గదండీ?" అన్నాడు సుబ్బిరెడ్డి పెన్ను తీస్తూ.

"ఇంకెవరికేత్తాం?" అన్నాడు త్రిమూర్తులు. రెండో సీసా కూడా దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఇంకోటుందేంటండీ?"

"ఓటింకోటుందాండీ?"

త్రిమూర్తులు లోపలి గోడ వైపు చూశాడు. అక్కడ దండ వేసిన ఫొటోలో వాళ్ళమ్మ ఉంది. ఆమె పోయి తొమ్మిదేళ్ళయింది.

"మా అమ్మ పేరు జాబితాలోంచి ఇంకా తియ్యలేదండి," అన్నాడు.

సుబ్బిరెడ్డి జాబితా తిరగేసి, పేరు చూసి, టిక్కు పెట్టి, మూడో సీసా అరుగు మీద పెట్టాడు.

"ఆవిడక్కూడా ఒక మాట చెప్పుంచండి," అని పక్కింటికి వెళ్ళాడు.

"చెప్తానండి," అన్నాడు త్రిమూర్తులు.